బందెలదొడ్డి రాబడి

తెలుగులో "దండుగ" అనే మాట ఉంది. నేడు దానికి వృథా అని అర్థం చెప్పుకుంటున్నాం. చదువు దండుగ, సేద్యం దండుగ అంటున్నాం. కాని ఆ మాటకు తొలి అర్థం శిక్షగా చెల్లించే సొమ్ము. దండం నుంచి దండుగ వచ్చింది. తప్పు చేసినవాడి చేత కట్టించిన సొమ్మునూ, ఏ ప్రయోజనమూ లేకుండా పోయిన సొమ్మునూ జనం ఒకే మాటతో పిలవడం యాదృచ్ఛికం కాదని నా అనుమానం. కట్టినవాడి దృష్టిలో ఆ రెండూ ఒకటే. పన్ను కట్టినవాడు "నా పన్ను ఏమైంది?" అని అడగవచ్చు. దండుగ కట్టినవాడికి ఆ నోరు లేదు. వాడు దోషి, దోషిని లెక్క అడగనిచ్చేదెవరు?

ఈ వ్యాసంలో నేను చెప్పదలచిన విషయం ఒక్కటే. ప్రభుత్వం, ముఖ్యంగా స్థానిక ప్రభుత్వం, జుల్మానాను రాబడి పద్దుగా అంచనా వేసుకోవడం మొదలుపెట్టిన నాటి నుంచి ఆ జుల్మానా పన్నుగా మారిపోతుంది. అయితే పన్నుకు ఉండే నియమాలేవీ దానికి ఉండవు. స్తోమతును బట్టి వేయడం ఉండదు. సభలో చర్చ ఉండదు. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల చరిత్ర నుంచి ఈ సంగతి చూపడానికి ప్రయత్నిస్తాను.

జుల్మానాను రాబడిగా చూడడం కొత్త విషయం కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రంలో నగరం నుంచి వచ్చే ఆదాయాల పట్టికలో శుల్కం తరువాతి స్థానం దండానిదే. వలభిని ఏలిన మైత్రకుల దానశాసనాల్లో గ్రామాన్ని దానమిచ్చేటప్పుడు "దశాపరాధాల" హక్కును కూడా కలిపి ఇచ్చేవారు. అంటే ఆ ఊళ్ళో జరిగే నేరాల మీద వసూలయ్యే దండుగ దానం పట్టినవాడికే చెందుతుంది. ఊళ్ళో నేరాలు తగ్గితే దానం విలువ తగ్గుతుందన్నమాట. భూస్వామ్య యుగంలో ఇది దాపరికం లేకుండా సాగింది. బ్రిటిషు పాలన దీనికి చట్టాన్నీ, రశీదునూ, లెక్కల పుస్తకాన్నీ చేర్చింది. మనం పరిశీలించవలసింది ఆ లెక్కల పుస్తకాన్నే.

*

శ్రీకాకుళం జిల్లాలో మా ఊరి మొగదల ఒక మొండిగోడ ఉండేది. నా చిన్నతనానికే దాని తలుపు ఊడిపోయింది. లోపల తుమ్మచెట్లు మొలిచాయి. మేం గోళీలాడుకునే చోటు అది. దాన్ని బందెలదొడ్డి అంటారని మా తాత చెప్పాడు. ఒకసారి ఆయన ఆవును అక్కడి నుంచి విడిపించుకు రావడానికి అప్పు చేశాడట. ఆ సంగతి ఎప్పుడు చెప్పినా ఆయన మాట ఒకటే: "మేసిందేటి బాబూ, నాలుగు పరకలు. కట్టింది సూస్తే వారం రోజుల కూలి." ఆయనకు కోపం తెప్పించింది చేనుగల రైతు కాదు. "ఆడి సేను మేసింది, ఆడికి ఇమ్మంటే ఇద్దును. ఆడికి కానీ రాలేదు. మజ్జినున్నోడు తిన్నాడు" అనేవాడు. మా తాత చదువుకోలేదు. కాని బందెలదొడ్డి చట్టంలోని ముఖ్యమైన సూత్రాన్ని ఆయన కంటె స్పష్టంగా చెప్పినవారిని నేను చూడలేదు.

ఆ చట్టాన్ని చూద్దాం. పశువులు పరుల భూమిలో పడడాన్ని గురించి కంపెనీ ప్రభుత్వం 1857 లో ఒక చట్టం చేసింది. దాన్ని సవరించి 1871 లో చేసిన మొదటి చట్టమే చాలాకాలం మన పల్లెలను పాలించింది. పొలంలో పడ్డ పశువును పట్టి బందెలదొడ్డికి తోలే హక్కు సేద్యగాడికి ఉంది. అతనికి సాయపడడం పోలీసుల విధి. రోడ్డుగట్లనూ, కాలువగట్లనూ పాడుచేసే పశువులను పోలీసులే పట్టవచ్చు. పట్టిన పశువును బలవంతంగా విడిపించుకుపోతే 6 నెలల ఖైదు గాని, 500 రూపాయల వరకూ జుల్మానా గాని, రెండూ గాని విధించవచ్చు. గొర్రెకూ మేకకూ 1 అణా. దూడకూ, గాడిదకూ, పందికీ 2 అణాలు. ఆవుకూ ఎద్దుకూ 4 అణాలు. గేదెకు 8 అణాలు. ఏనుగుకు 2 రూపాయలు. దీనికి తోడు మేపు ఖర్చు వేరే. గడువులోగా యజమాని వచ్చి కట్టకపోతే పశువును వేలం వేస్తారు.

ఈ రేట్లలో ఒక విశేషం ఉంది. పశువును బట్టి రేటు మారుతుంది. పశువు ఎవరిదన్న దాన్ని బట్టి మారదు. పది కాడి ఎద్దులున్న కామందూ, ఒక్క ఆవు పాలమ్ముకుని బతికే విధవరాలూ కట్టేది అదే నాలుగణాలు. మనిషికి నాలుగణాలే కూలి దొరకని రోజుల్లో ఆ రేటు ఎవరిని కుంగదీసేదో వేరే చెప్పనక్కరలేదు.

అంతకంటె ముఖ్యమైన విశేషం మరొకటి. ఈ జుల్మానా పంట పోయిన రైతుకు చెందదు. అతడు నష్టపరిహారం కావాలంటే కోర్టుకు పోవలసిందే. వసూలైన సొమ్ములో దొడ్డి ఖర్చులు పోగా మిగిలినది రోడ్లకూ, వంతెనలకూ, ఇతర ప్రజోపయోగాలకూ వాడాలని చట్టమే చెప్పింది. తరువాతి సవరణ ప్రకారం ఆ మిగులును స్థానిక నిధికి జమకట్టవచ్చు. దొడ్ల నిర్వహణను స్థానిక సంస్థలకే అప్పగించవచ్చు. పంట నష్టం ఒకరిది, పశువు ఒకరిది, రాబడి మూడోవారిది. మా తాత చెప్పిన "మజ్జినున్నోడు" ఇతడే.

ఈ చట్టం వచ్చిన కాలాన్ని గమనించాలి. 1870 డిసెంబరులో వైస్రాయి మేయో ఒక తీర్మానం చేశాడు. పోలీసు, జైళ్ళు, విద్య, రోడ్లు మొదలైన ఖర్చులను రాష్ట్రాలకు వదిలిపెట్టి, చాలకపోతే స్థానికంగా సొమ్ము వెతుక్కోమన్నాడు. మరుసటి నెలలోనే బందెలదొడ్డి చట్టం వచ్చింది. ఆ 1871 లోనే మద్రాసు రాష్ట్రంలో స్థానిక నిధుల చట్టం వచ్చింది. ఈ తేదీలు కలవడం కాకతాళీయమే కావచ్చు. కాని ఫలితం కాకతాళీయం కాదు. రోడ్డు వేయాలంటే సొమ్ము కావాలి. సొమ్ము ఎవరినుంచి తేవాలన్న ప్రశ్నకు పాలకులు వెతుక్కున్న జవాబుల్లో బందెలదొడ్డి ఒకటి. 1884 లో జిల్లా బోర్డులూ, తాలూకా బోర్డులూ ఏర్పడిన తరువాత భూమి సెస్సు, రేవులు, సంతలతోపాటు బందెలదొడ్లు కూడా వాటి రాబడి పద్దుల్లో చేరాయి. తరువాత పంచాయతీల లెక్కల్లోకి వచ్చాయి.

రాబడి పద్దు అయిన తరువాత దాన్ని పాటకు పెట్టడం సహజమే. ఏడాదికింతని పాటదారు ముందుగా కడతాడు. ఆ పైన వచ్చినది అతనిది. ఇక్కడ జరిగిన మార్పును జాగ్రత్తగా చూడాలి. పశువులు పంటల్లో పడకుండా ఉంటే రైతుకు లాభం, ఊరికి లాభం; పాటదారు ఒక్కడికే నష్టం. చట్టం ఉద్దేశం నెరవేరిన ఏడాది పాటదారు దివాలా తీస్తాడు. అందుచేత సాయంకాలం మంద ఊళ్ళోకి మళ్ళే వేళ అతని మనుషులు దారి మలుపులో కాచుకుని నిలబడేవారని మా తాత చెప్పేవాడు. అది వాళ్ళ దుర్బుద్ధి అనుకుంటే సరిపోదు. నేరాన్ని పాటకు పెట్టిన సంస్థ బుద్ధి వాళ్ళలో పనిచేసింది.

పంటను కాపాడుకోవద్దా అని ఎవరైనా అడగవచ్చు. తప్పకుండా కాపాడుకోవాలి. నాలుగు సెంట్ల ఊడుపును మంద తొక్కేస్తే ఏడ్చేది కూడా పేదవాడే. ఊరుమ్మడి కాపరినీ, పోరంబోకు బీళ్ళనూ, చేనివాడికి తగిన పరిహారాన్నీ ఏర్పాటు చేసి, ఆ పైన తప్పు చేసినవాణ్ణి దండిస్తే ఎవరూ కాదనరు. బీళ్ళు లేకుండా చేసి, కాపరిని లేకుండా చేసి, పశువు చేలో పడగానే పట్టుకోవడం వేరే పని. మన ప్రాంతంలో ఆ బీళ్ళు ఏమయ్యాయన్నదే అసలు కథ.

*

శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాలు జమీందారీల నేల. విజయనగరం, బొబ్బిలి, మందస, ఇంకా ఎన్నో చిన్న సంస్థానాలు. 1794 జులై 10 న పద్మనాభం యుద్ధంలో విజయరామరాజు కంపెనీ సేనల చేతిలో మరణించాడు. యుద్ధానికి కారణం కంపెనీ అడిగిన పేష్కషు బకాయిలే. 1802 లో శాశ్వత శిస్తు నిర్ణయం జరిగింది. విజయనగరం జమీందారీ ఏటా కట్టవలసింది సుమారు 5 లక్షల రూపాయలని ఖాయపరిచారు. ఆ తరువాత కొత్త భూములు సాగులోకి వచ్చినా, ధరలు పెరిగినా, జమీందారు రైతుల దగ్గర వసూలు చేసేది ఎంతగా పెరిగినా పేష్కషు పెరగదు. శాశ్వతం అంటే అదే.

దీని పర్యవసానాన్ని మన చరిత్ర పుస్తకాలు సగమే చెబుతాయి. రైతు మీద జమీందారు దోపిడీని గురించి చెబుతాయి. ప్రభుత్వ బొక్కసాన్ని గురించి అంతగా చెప్పవు. జిల్లాలో అన్నిటికంటె పెద్ద సంపద పన్ను పెంపుకు అందని చోట కూర్చుంది. ఆ సంపద మీద చేయి వేయకుండా రోడ్డూ, బడీ, ఆసుపత్రీ నడపాలి. భూమి సెస్సు వేశారు. జమీందారీల్లో దానిలో సగాన్ని రైతు దగ్గర రాబట్టుకునే వీలు జమీందారుకు చట్టమే ఇచ్చింది. మిగిలినవి చిల్లర పద్దులు: రేవు దాటితే సొమ్ము, సంతకు పోతే సొమ్ము, పశువు తప్పిపోతే సొమ్ము. ఏటిని పడవలో దాటేవాడూ, సంతకు తట్ట నెత్తిన పెట్టుకుపోయేదీ, పశువును కాపరి లేకుండా వదిలేవాడూ ఎవరో పాఠకులే ఊహించుకోవచ్చు. పన్ను కట్టగలవాణ్ణి పన్ను అడగలేని ప్రభుత్వం, తప్పించుకోలేనివాడి దగ్గర రుసుమూ జుల్మానా వసూలు చేస్తుంది. దీన్ని చరిత్రలో పదేపదే చూస్తాం.

అదే కాలంలో బీళ్ళూ అడవులూ మూసుకుపోయాయి. 1882 మద్రాసు అడవి చట్టం రిజర్వు అడవిలోకి పశువును తోలడాన్ని నేరం చేసింది. అడవిలో దిగిన పశువును చేలో పడ్డ పశువుగానే భావించి బందెలు పెట్టవచ్చు. కంప కొట్టడం, చెట్టు నరకడం, పోడు కొట్టడం నేరాలయ్యాయి. ఈ చట్టంలో మరో ఏర్పాటు ఉంది. నేరం చేసినవాడు సొమ్ము కడితే అడవి అధికారే కేసు మాఫీ చేయవచ్చు. కోర్టు లేదు, సాక్షి లేడు, వాదన లేదు. నేరానికి ధర కట్టేవాడూ, కట్టిన సొమ్ము పుచ్చుకునేవాడూ ఒకే శాఖవాడు. ఆ సొమ్ములో రశీదు ఉన్నది సర్కారుకు పోతుంది, రశీదు లేనిది మామూలు అవుతుంది. కొండమీది సవరకూ జాతాపుకూ ఆ రెంటి మధ్య తేడా ఏమీ కనిపించలేదు.

ఈ సందర్భంలో కార్ల్ మార్క్స్ యౌవనంలో రాసిన ఒక వ్యాసాన్ని జ్ఞాపకం చేసుకోవాలి. 1841 లో రైన్‌లాండు శాసనసభ కట్టెల దొంగతనంపై చట్టం చర్చించింది. పేదలు అడవిలో రాలిన పుల్లలు ఏరుకోవడాన్ని కూడా దొంగతనంగా నిర్ణయించింది. 24 ఏళ్ళ మార్క్స్ ఆ చర్చను విమర్శిస్తూ తాను పనిచేసే పత్రికలో వరసగా రాశాడు. ఆయన పట్టుకున్న కీలకం ఏమంటే, ఆ చట్టం కింద వసూలయ్యే జుల్మానా అడవి యజమానికే దక్కుతుంది. నేరానికి వేసే శిక్ష ప్రజలందరి తరఫున జరగవలసిన పని. అది ఒక ఆసామీ రాబడిగా మారితే, నేరం అతనికి నష్టం కాదు, పంట. ఆర్థిక సమస్యల వైపు తన దృష్టిని మొదట మళ్ళించినది ఈ చర్చేనని మార్క్స్ తరువాత చెప్పుకున్నాడు.

రైన్‌లాండుకు మందస ఎంత దూరమో, ఎంత దగ్గరో చూడండి. 1937–38 లో ఇచ్ఛాపురం నుంచి మద్రాసు దాకా రైతుయాత్ర నడిచింది. ప్రకాశం పంతులుగారి అధ్యక్షతన ఏర్పడిన కమిటీ జమీందారీ రైతుల గోడు విని 1938 లో నివేదిక ఇచ్చింది. 1940 మార్చిలో పలాసలో అఖిల భారత కిసాన్ సభ జరిగింది. ఆ వెంటనే, 1940 ఏప్రిల్ 1 న, మందస జమీందారీలోని గుడారి రాజమణిపురానికి పోలీసులు వచ్చారు. రైతులు చేసిన నేరం జమీందారు తనదన్న అడవిలో కట్టెలు కొట్టడం. తాతతండ్రుల నాటి నుంచి పొయ్యికీ, నాగలికీ, ఇంటివాసానికీ తెచ్చుకున్న కట్టె అది. అరెస్టు చేసిన రైతులను తీసుకుపోతుంటే సాసుమాన గున్నమ్మ అడ్డుపడింది. పోలీసు కాల్పుల్లో ఆమె మరణించింది. మరికొందరు కూడా మరణించారు. ఒక హక్కును నేరంగా మార్చి, నేరాన్ని సొమ్ముగా మార్చే పద్ధతికి జనం ఒప్పుకోనప్పుడు చివరకు తుపాకీ వచ్చి నిలబడుతుంది. వీర గున్నమ్మ కథను మనం సాహసగాథగా చెప్పుకుంటాం. అది న్యాయమే. దాని వెనుక ఉన్న కట్టెల లెక్కను కూడా చెప్పుకోవాలి.

1948 చట్టంతో జమీందారీలు పోయాయి. అడవి సర్కారుదయింది. కాని నేరాల పట్టిక అలాగే ఉండిపోయింది. పార్వతీపురం ఏజన్సీలో వెంపటాపు సత్యనారాయణ, ఆదిభట్ల కైలాసం గిరిజన సంఘాన్ని కట్టినప్పుడు గిరిజనులు చెప్పిన బాధల్లో సావుకారు వడ్డీ, భూమి అన్యాక్రాంతంతోపాటు అడవి అధికారుల జుల్మానాలూ మామూళ్ళూ ఉన్నాయి. 1967 అక్టోబరు 31 న లేవిడి దగ్గర కోరన్న, మంగన్న హతులైన తరువాత జరిగిన చరిత్ర అందరికీ తెలిసినదే. పోడు భూమి మీద గిరిజనుడికి హక్కు ఉందని చట్టం ఒప్పుకోవడానికి 2006 దాకా పట్టింది. అంతవరకూ తన పొలం దున్నినందుకు అతడు దండుగ కడుతూనే ఉన్నాడు.

మన సాహిత్యం ఈ సంగతిని ఆర్థిక శాస్త్రం కంటె ముందే గుర్తుపట్టింది. పోలీసూ, కోర్టూ, దొంగసాక్ష్యమూ ఊరి బతుకులో ఎంతగా అల్లుకుపోయాయో విజయనగరంలో కూర్చుని గురజాడ "కన్యాశుల్కం"లో చూపాడు. మద్యనిషేధ చట్టం పేదవాళ్ళ బతుకుల్లో ఏ రూపం ధరించిందో రావిశాస్త్రి "ఆరు సారా కథలు"లో చూపాడు. రావిశాస్త్రి వకీలు కావడం వల్ల కోర్టు గుమ్మం దగ్గర ఎవరు నిలబడతారో ఆయనకు బాగా తెలుసు. చట్టం నీతి పేరు చెప్పి వస్తుంది; వచ్చాక కొందరికి బతుకుదెరువు అవుతుంది.

*

ఇదంతా జమీందారీ నేల జబ్బు అని అనుకునేవారు ఉండవచ్చు. ధనిక దేశంలోనూ ఇదే జరిగింది. అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రంలో ఫెర్గూసన్ అనే చిన్న ఊరు ఉంది. అప్పటి జనాభా సుమారు 21 వేలు. ఎక్కువమంది నల్లవారు. 2014 ఆగస్టు 9 న అక్కడ మైకేల్ బ్రౌన్ అనే 18 ఏళ్ళ నల్లజాతి యువకుణ్ణి ఒక పోలీసు కాల్చి చంపాడు. ఊరు భగ్గుమంది. ఆ దేశపు న్యాయశాఖ విచారణ జరిపి 2015 మార్చిలో నివేదిక ప్రకటించింది. ఆ ఊరి బడ్జెట్టులో సుమారు 1 కోటి 32 లక్షల డాలర్ల రాబడి అంచనాలో 30 లక్షల డాలర్లకు పైగా జుల్మానాల నుంచే రావాలని రాసుకున్నారు. జుల్మానాల వసూలు పెంచమని ఊరి ఆర్థికాధికారులు పోలీసు అధికారిని తొందరపెట్టారు. పెరట్లో గడ్డి పెరిగితే జుల్మానా, రోడ్డు మీద నడక తీరు నచ్చకపోతే జుల్మానా, కట్టకపోతే వారంటు. 2014 చివరికి 16 వేలమందికి పైగా మనుషుల మీద ఆ ఊరి వారంట్లు ఉన్నాయి. మన పాటదారు మనుషులు సాయంకాలం కాచుకున్నట్టే అక్కడ పోలీసు కారు కాచుకుంది. ఒకే తేడా: మన దగ్గర ఆవును పట్టారు, అక్కడ మనిషిని.

మన దగ్గరా ఇప్పుడు బందెలదొడ్లు పాడుపడ్డాయి. ఎద్దు స్థానంలో మోటారు సైకిలు వచ్చింది. 2019 సెప్టెంబరు 1 నుంచి అమలులోకి వచ్చిన కేంద్ర సవరణ చట్టం ప్రకారం శిరస్త్రాణం లేకపోతే జుల్మానా 100 రూపాయల నుంచి 1000 రూపాయలకు పెరిగింది. ఈ సొమ్ము పంచాయతీకి పోదు, రాష్ట్ర ఖజానాకు పోతుంది. కాని సూత్రంలో మార్పు లేదు. శిరస్త్రాణం ప్రాణం కాపాడుతుందన్నది నిజం. నేనూ పెట్టుకుంటాను, నా విద్యార్థులకూ చెబుతాను. కిందటేడు నా విద్యార్థి ఒకడు వరసగా మూడు రోజులు క్లాసుకు రాలేదు. అడిగితే, తండ్రి బండి మీద వస్తూ పట్టుబడ్డాడనీ, తండ్రి జీడిపప్పు ఫ్యాక్టరీలో రెండు రోజులు చేసిన కూలి ఆ జుల్మానాకే పోయిందనీ, ఆ సొమ్ము పూడ్చడానికి తానూ కూలికి పోయాననీ చెప్పాడు. అదే జుల్మానా అదే రోడ్డు మీద కట్టిన మరొక బండివాడికి ఒక పూట హోటలు ఖర్చు. సమానమైన జుల్మానా సమానమైన శిక్ష కాదు.

పొరుగున తెలంగాణలో 2022 లో పేరుకుపోయిన చలాన్లకు రాయితీ ప్రకటించారు. ద్విచక్ర వాహనాలకు 75 శాతం తగ్గించారు. 2023 డిసెంబరులో మళ్ళీ 80 శాతం. కట్టలేనివాళ్ళకు అది ఊరటే. కాని ఆలోచించండి. శిక్షకు గడువు తేదీతో తగ్గింపు ధర ప్రకటించారంటే, తప్పును దిద్దడం ఎటు పోయింది? దుకాణదారు పాత సరుకు వదిలించుకున్నట్టు బకాయిలు వసూలు చేసుకున్నారు. ప్రభుత్వమే తన జుల్మానాను పన్ను బకాయిగా ఒప్పుకున్నట్టయింది.

జుల్మానా శిక్షా, పన్నా అని తేల్చుకోవడానికి ఒక తేలికైన పరీక్ష ఉంది. వచ్చే ఏడాది ఎవరూ ఆ తప్పు చేయలేదనుకోండి. అప్పుడు ఆ కార్యాలయంలో సంతోషిస్తారా, బడ్జెట్టులో లోటు పడిందని విచారిస్తారా? సంతోషిస్తే అది శిక్ష. విచారిస్తే అది పన్ను. పన్నయితే పన్నుగానే వేయమని మనం అడగాలి: సభలో పెట్టి, చర్చించి, ఆస్తిని బట్టి, ఆదాయాన్ని బట్టి వేయమని. అప్పుడు 1802 లో తప్పించుకున్నవాడి వారసులు కూడా వరసలో నిలబడవలసి వస్తుంది. ఆ వరసను తప్పించడానికే ఇంతకాలం దొడ్డి తలుపు తెరిచి ఉంచారు.

విద్యార్థులకు నాదొక మనవి. మన చరిత్ర పరిశోధన యుద్ధాల దగ్గరా, వంశావళుల దగ్గరా ఆగిపోతున్నది. మీ ఊరి పంచాయతీ కార్యాలయంలో పాత లెక్కల పుస్తకాలు ఇంకా చెదలు తినకుండా మిగిలి ఉంటే వాటిని తిరగేయండి. బందెలదొడ్డి పాట ఏ ఏడు ఎంతకు పోయిందో, ఆ ఏడు ఇంటిపన్ను బకాయిలు ఎవరి పేర పేరుకున్నాయో పక్కపక్కన రాయండి. మా ఊరి పుస్తకాలతో ఆ పని నేను మొదలుపెట్టాను.